ఎర్ర తాళం

“ఇస్తావా, ఇవ్వవా? ఆ ఒక్క ముక్క చెప్పమ్మాయ్, నేను పోతాను.”

బావగారు కూర్చోలేదు. కూర్చుంటే బతిమాలుతున్నట్టు ఉంటుందని ఆయన భయం. గుమ్మంలోనే నిలబడి చేతిలోని ఫోనును ఒకసారి బోర్లా, ఒకసారి వెల్లకిలా తిప్పుతున్నాడు.

“ఇవ్వను బావగారూ,” అంది చిన్నకోడలు. “నిన్న సాయంత్రం చెప్పిందీ అదే, పొద్దున ఫోన్లో చెప్పిందీ అదే. మీరు అడిగే తీరు మారుతోంది గానీ, లిఫ్టు బ్రేకు మారలేదు కదా.”

ఆమె గొంతు పెంచలేదు. గొంతు పెంచిన ఆడమనిషి గయ్యాళి, పెంచనిది పొగరుబోతు. ఈ రెండు మాటల మధ్య మూడో మాట ఒకటి ఉండవచ్చని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

కుట్టుమిషను ఆగింది.

“ముందుగదిలో పంచాయితీలు పెట్టకండర్రా,” అంది అత్తగారు కళ్ళద్దాల మీదుగా చూస్తూ. “షట్టరెత్తాక ఇది ఇల్లు కాదు, దుకాణం. ఇక్కడ గొడవ పడే హక్కు గిరాకీలకే ఉంది.”

పగలు ఆ గది దర్జీ దుకాణం, రాత్రి భోజనాల గది. ఒక మూల చెక్కబొమ్మ ఒంటిచేతి కోటు తొడుక్కుని నిలబడి ఉంది. దాని పక్కన ఇస్త్రీ బల్ల, బల్ల మీద నిన్నటి చొక్కాలు. అత్తగారి చేతికందే దూరంలో ఎప్పుడూ ఒక చెక్క కొలబద్ద ఉంటుంది. గుడ్డ కొలవడానికీ, మోకాలు పట్టేసిన రోజున ఊతానికీ, కొడుకులను బెదిరించడానికీ ఆమెకు అదొక్కటే సాధనం.

“నువ్వే చెప్పమ్మా,” అన్నాడు బావగారు తల్లివైపు తిరిగి. “ఎనిమిదో అంతస్తులో ఇవాళ కొత్తవాళ్ళు దిగుతున్నారు. ఎవరో కాదు, ఓనరు గారి కూతురూ అల్లుడూ. లారీ బయల్దేరిపోయింది. బీరువాలు, మంచాలు, అద్దాల బల్ల. అవన్నీ మెట్ల మీద మోయించమంటావా? వచ్చే వారం నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. అది పోతే మేనేజరు పనితోపాటు మేముండే ఫ్లాటూ పోతుంది. నీ పెద్దకోడల్ని తీసుకొచ్చి ఈ ఇస్త్రీ బల్ల కింద పడుకోబెట్టమంటావా?”

“పడుకోదురా,” అంది అత్తగారు దారం తెంపుతూ. “దానికి ఏసీ కావాలి.”

చిన్నకోడలు పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. బావగారికి అది కూడా కనిపించింది.

ఆయన అడుగుతున్న తాళంచెవి వేలెడంత ఉంటుంది. అది తెరిచే ఎర్ర తాళం నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన భవనంలో లిఫ్టు మెయిన్ స్విచ్చుకు వేలాడుతోంది. లిఫ్టు మెకానిక్కుల పనిలో ఇది మొదటి నియమం. స్విచ్చు కట్టేయగానే దాని పిడికి కన్నాల ఇనుప పలక ఒకటి తగిలిస్తారు. ఎంతమంది పనిలోకి దిగితే అంతమందీ ఆ కన్నాల్లో ఎవరి తాళం వారు వేసుకుంటారు. ఒక్కో తాళానికి ఒకటే చెవి. అది వేసినవారి ఒంటి మీదే ఉండాలి. వేసిన చెయ్యే తీయాలి. కంపెనీ యజమాని వచ్చినా, పోలీసులు వచ్చినా ఆ నియమం మారదు. తన తల మీద వేలాడే బరువును కదిలించే అధికారం తనది కాక మరొకరిది కాకూడదని, ఆ పనిలో చచ్చినవాళ్ళను చూసి బతికినవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది.

“మీ సూపర్‌వైజరుతో మాట్లాడాను,” అన్నాడు బావగారు. “‘ఆమె ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదు సార్’ అన్నాడు.”

“అంటాడు. తీయమనే ధైర్యం లేదు, తీయొద్దనే ధైర్యమూ లేదు. రేపేమైనా అయితే ‘ఆవిడే తీసింది సార్’ అనడానికి మాత్రం నోరుంటుంది.”

“ఏమవుతుందమ్మా? నిన్నటిదాకా నడిచిందిగా!”

“నడవడం సంగతి కాదు బావగారూ, ఆగడం సంగతి. నడిపించడానికి మోటారుంది. ఆపి పట్టుకోవాల్సింది బ్రేకు. దాని లైనింగు అరిగిపోయి లోపలి ఇనుము కనిపిస్తోంది. ఆగాల్సిన చోట ఆగకుండా జానెడు జారి ఆగుతోంది. బీరువాలు ఎక్కిస్తే ఎంత జారుతుందో నాకు తెలీదు. తెలీదు కాబట్టే తాళం వేశాను. కొత్త లైనింగు రేపు మధ్యాహ్నానికి వస్తుంది. సాయంత్రానికి మీ లిఫ్టు మీకిస్తాను.”

“ఒక్క పూట సర్దుకోలేవా?”

“సర్దుకోవడం నాకొచ్చు. లిఫ్టుకు రాదు.”

కొలబద్ద చివర ఒకసారి నేలను తాకింది. అత్తగారు మెచ్చుకుందో, ఇద్దరినీ నోరు మూసుకోమందో తేల్చుకోవడం కష్టం.

బావగారు చివరికి గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

“మీ కంపెనీకి ఆ భవనం పని ఇప్పించిందెవరు? నేను. ఎందుకిప్పించాను? ఇంట్లో మనిషివని.”

“ఇంట్లో మనిషి అయితే అరిగిన బ్రేకు చూసి కూడా కళ్ళు మూసుకుంటుందనుకున్నారా? నేను మీ ఇంట్లో మనిషిని కాబట్టే ఇంకా గట్టిగా వేశాను తాళం. ఆ లిఫ్టు రోజూ ఎక్కేది మీరూ అక్కయ్యే.”

జవాబు లేని మగవాడు తమ్ముణ్ణి పిలుస్తాడు.

“ఏరా చిన్నోడా! నీకు నోరు లేదా? నీ పెళ్ళానికి నువ్వు చెప్పవా?”

చిన్నోడు లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రంతా బేకరీ పొయ్యి ముందు పనిచేసి వచ్చిన మనిషి. ముఖం కడుక్కున్నాడు గానీ కనుబొమ్మల్లో పిండి ఇంకా మిగిలే ఉంది. మెత్తటివాడని అందరూ అంటారు. ఆ మెత్తదనానికి ఒక్క మినహాయింపు ఉంది. రొట్టెలు పొయ్యిలో ఉండగా తలుపు తెరవబోతే ఊరుకోడు. ఒకసారి బేకరీ యజమానే ఎవరో అతిథికి చూపించాలని మధ్యలో తలుపు మీద చెయ్యి వేశాడు. ఇతను ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీశాడు. “బేకరీ మీదే సార్. లోపలున్నది కాలేదాకా పొయ్యి నాది,” అన్నాడు. ఉద్యోగం పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు.

చిన్నకోడలు ఆ రోజు భర్తను ఎంతగా ప్రేమించిందో అతనికి చెప్పలేదు. తన పనికి తలుపు ఉన్నవాడికి, ఎదుటివారి పనికీ తలుపు ఉంటుందని తెలిసే ఉంటుంది అనుకుంది.

“తాళం తనది అన్నయ్యా,” అన్నాడు చిన్నోడు, నేలవైపు చూస్తూ. “నన్నడిగి ఏం లాభం?”

బావగారు తమ్ముడి ముఖంలోకి కాసేపు చూశాడు. చెప్పులు వేసుకున్నాడు.

“సరే. ఒక్క నిమిషం ఇలా బయటికి రారా. నీతో వేరే పనుంది.”

అన్నదమ్ములు వీధిలో నిలబడి ఏం మాట్లాడుకున్నారో మిషను చప్పుడులో ఎవరికీ వినిపించలేదు.

*

చిన్నకోడలు స్నానానికి వెళ్తూ పని ప్యాంటును తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. ఆ ప్యాంటు నడుము లోపలివైపు ఒక చిన్న జేబు ఉంది, దానికి బొత్తం. అత్తగారు కుట్టింది. కోడలు మెకానిక్ పనిలో చేరిన మొదటి వారంలో ఎవరూ అడగకుండానే ప్యాంటు లాక్కుని, “తాళంచెవి మెడలో దారానికి కట్టుకుని యంత్రాల మీదికి వంగుతావా? దారం చుట్టుకుంటే నీ మెడే దానికి తాళమవుతుంది,” అని తిడుతూ కుట్టింది. ఆవిడ ప్రేమ ఎప్పుడూ తిట్టు కిందే ఉంటుంది, కోటుకు లోపలి గుడ్డలాగా.

తయారై వచ్చేసరికి భర్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“నిద్రపోయావా?”

జవాబు లేదు.

“నువ్వన్న మాట నాకు నచ్చింది,” అంది ఆమె, అతని వీపుతో. “తాళం తనదని అన్నావు చూడు, అది.”

అతని భుజం కొంచెం కదిలింది. నిద్రలో కదిలిందనుకుంది.

వీధి చివర బస్సు కోసం నిలబడి, అలవాటుగా నడుము దగ్గర బొత్తం మీద బొటనవేలు పెట్టింది. చెవి ఉంది. బరువుంది. కానీ గుడ్డ మీంచి తగిలిన అంచు నున్నగా ఉంది. తన తాళంచెవికి రెండువైపులా పళ్ళు. ఆమె బొత్తం విప్పి చూసింది.

అరచేతిలో చిన్న ఇత్తడి చెవి ఉంది. కొస వంకర. దాన్ని ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ చూస్తోంది.

బస్సు వచ్చింది. ఎక్కలేదు.

*

“నా బొత్తాల సొరుగు తాళంచెవి ఎక్కడ తగలడింది!”

దుకాణంలో అత్తగారు మిషను కింద, గుడ్డముక్కల బుట్టలో, చెక్కబొమ్మ కోటు జేబులో వెతుకుతోంది. పెళ్ళికూతురి జాకెట్టు అందుకోవడానికి వచ్చిన గిరాకీ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటోంది.

“పిన్నిగారూ, హుక్కులు లేకుండానే ఇచ్చేయండి. ఇంట్లో కుట్టుకుంటాం.”

“ఇవ్వనమ్మా.”

“టైమైపోతోందండీ!”

“అయిపోనీ. సగం కుట్టింది నా గడప దాటదు. పెళ్ళిపీటల మీద ఊడితే తిట్టుకునేది నిన్ను కాదు, నన్ను. సాయంత్రం రా.”

గిరాకీ విసురుగా లేచి వెళ్ళిపోయింది. అప్పుడు అత్తగారు కోడలిని చూసింది. కోడలి అరచేతిలో ఉన్నదాన్ని చూసింది.

“నీ దగ్గరుందేమిటే అది?”

“నా జేబులో పెట్టారు అత్తయ్యా. నాది తీసుకుని, బరువు తేడా తెలియకుండా మీది పెట్టారు.”

ఆ ఇంట్లో కోడలి జేబు ఎక్కడుందో, దానికి బొత్తం ఎటు తిరుగుతుందో తెలిసినవాళ్ళు ముగ్గురే.

“నేను తీశాననుకుంటున్నావా?” గుడ్డముక్కల బుట్టను పక్కకు తోసింది అత్తగారు. “అనుకుంటావులే. పెద్దోడు నా కడుపున పుట్టినవాడు. వాడి కొంప మునుగుతుంటే నేను—”

“మీరు కాదు.”

“అంత నమ్మకమా?”

“నమ్మకం కాదు, లెక్క. పని వేళలో మీ సొరుగుకు మీరే తాళం వేసుకుని, దాని చెవి ఊరి మీదికి పంపిస్తారా? గిరాకీ కూర్చుని ఉండగా?”

అత్తగారికి ఆ ఇంట్లో దక్కిన పొగడ్తల్లో అంత సూటిగా తగిలింది మరొకటి లేదు.

లోపలి గదిలో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి చక్కగా మడతపెట్టి ఉంది. తప్పు చేసిన మనిషి మడిచినట్టుగా, మామూలు కంటే చక్కగా. దిండు మీద సన్నటి పిండి.

చిన్నకోడలు బావగారికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. భర్తకు చేసింది. అదీ అంతే.

అత్తగారు సొరుగు తాళం తీసింది. చెవి తాళంలోనే ఉంది. రెండూ అలాగే చేతిసంచిలో పడేసి, కొలబద్ద అందుకుంది. మోకాలి మీద చెయ్యి పెట్టి లేచింది.

“మీరెందుకు అత్తయ్యా?”

“ఆ లిఫ్టులో సామాను వెంట ఎక్కేది ఎవరనుకుంటున్నావ్? కూలీల మీద నమ్మకం లేక ప్రతి బీరువా వెంటా పెద్దోడే ఎక్కుతాడు. వాడి సంగతి నాకు తెలుసు.” షట్టరు లాగింది. “నడు. తిట్టుకోవడం దారిలో చేద్దాం.”

*

భవనం ముందు లారీ సగం ఖాళీ అయింది. హాల్లో గోడలకు ఆనించిన పరుపులు, తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు. ఎదురుగా లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయి. ఆ సందులోంచి పెద్ద ఉక్కు బీరువా, దాని పక్కన ఇద్దరు కూలీలు, వాళ్ళ మధ్య కడుపు లోపలికి లాక్కుని నిలబడ్డ బావగారు కనిపించారు. ఆయనా చూశాడు. నవ్వబోయాడు. తలుపులు మూసుకున్నాయి.

తలుపుల పైన ఎర్ర అంకె మారింది.

“ఆపు!” అంది అత్తగారు. “స్విచ్చు కట్టెయ్యి!”

“కట్టకూడదు.”

“ఏం?”

చిన్నకోడలు మెట్ల వెనక ఉన్న మోటారు గదివైపు నడుస్తూనే చెప్పింది. ఆమె నడుస్తోంది, పరిగెత్తడం లేదు. యంత్రం దగ్గరికి పరిగెత్తకూడదు.

“నడిచేటప్పుడు కరెంటు తీస్తే, వేగం మీదున్న బరువంతా ఒక్కసారిగా బ్రేకు మీద పడుతుంది. ఆ బ్రేకే అరిగిపోయింది కదా అత్తయ్యా. పైన ఆగినప్పుడు జారినా, కరెంటుంటే మోటారు మళ్ళీ పైకి సర్దుతుంది. అంచేత బరువు దించేదాకా ముట్టుకోను. ఖాళీగా కిందికి వచ్చాక తీస్తాను. ఖాళీదాన్ని బ్రేకు ఇంకా పట్టుకుంటుంది.”

“నన్నేం చెయ్యమంటావ్?”

“తలుపుల ముందు నిలబడండి. తెరుచుకోగానే మీ కొలబద్ద మధ్యలో అడ్డం పెట్టండి. తలుపులు మూసుకోకపోతే అది కదలదు. మీరు మాత్రం లోపలికి అడుగు పెట్టకండి. బావగారు బయటికి వచ్చాక నాకొక్క కేక వెయ్యండి.”

“రాకపోతే?”

“మీ కొడుకు. మీ ఇష్టం.”

మోటారు గది తలుపు తెరిచే ఉంది. నూనె వాసన, వేడి. స్విచ్చు పిడి పైకి ఎత్తి ఉంది. కన్నాల పలకను ఎవరో మేకుకు జాగ్రత్తగా తగిలించారు. దాని పక్కన, అట్టపెట్టె ఒకటి చేతుల్లో పట్టుకుని, చిన్నోడు.

ఆమె అతన్ని దాటి వెళ్ళి స్విచ్చు పిడి మీద చెయ్యి వేసి నిలబడింది. మోటారు చప్పుడు వింటోంది. బరువుకు దాని గొంతు బొంగురుపోయింది.

“ఒక్క పూటే కదా అని...” అన్నాడు చిన్నోడు.

“మాట్లాడకు. విననీ.”

మోటారు ఆగింది. ఆగాక చిన్న కుదుపు, మళ్ళీ ఒక క్షణం మోటారు, మళ్ళీ కుదుపు. పైన జారింది. సర్దుకుంది. మళ్ళీ జారింది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. పిడి మీద వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

పైన బీరువా దింపుతున్నారు.

“అన్నయ్య అడిగితే కాదనడం నాకు చేతకాదు,” అన్నాడు అతను, గుసగుసగా. “చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.”

“నన్ను కాదనడం చేతనైందిగా.”

“నిన్ను కాదనలేదు. నీకు చెప్పలేదు, అంతే.”

ఆమె మొదటిసారి తల తిప్పి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అరిగిపోయిన భాగాన్ని విప్పి వెలుగులో పట్టుకుని, ఎంత మిగిలిందో చూసే చూపు అది.

“మీ అమ్మ సొరుగు తాళంచెవి నా జేబులో పెట్టావు,” అంది. “వట్టి జేబయితే నాకు వెంటనే తెలుస్తుందని. అంత ఆలోచించావు. అందులో సగం ఆలోచన లిఫ్టు మీద పెట్టినా సరిపోయేది.”

“ఏం కాదనుకున్నాను.”

“పొయ్యి తలుపు తీయబోయినప్పుడు మీ యజమాని కూడా అదే అనుకున్నాడు. ఆయన చెయ్యి పట్టుకున్నావు. ఇవాళ పోయేది రొట్టెలు కాదు.”

మోటారు కదిలింది. ఈసారి తేలికగా, కూనిరాగం తీస్తున్నట్టు. లిఫ్టు దిగుతోంది. ఇద్దరూ దాన్నే విన్నారు. భార్యాభర్తలు కలిసి వినే చప్పుళ్ళు సంసారంలో చాలా ఉంటాయి. ఇంత శ్రద్ధగా వాళ్ళు మరి దేన్నీ విని ఉండరు.

ఆగింది. కుదుపు. తలుపులు తెరుచుకున్న చప్పుడు, వెంటనే కట్టె ఇనుముకు తగిలిన టక్కుమనే చప్పుడు.

“ఏమిటమ్మా ఇది! తియ్యి!”

“బయటికి రా.”

“ఇంకా సామానుందమ్మా, కింద మంచాలు—”

“భుజాలు కొలవాలి, రా. పెద్దమనిషివై చాలా రోజులైంది, కొలతలు మారినట్టున్నాయి.”

అప్పటికే హాల్లోకి ఎక్కేసిన కూలీలు నవ్వారు. తలుపులు మూసుకోక పైకి సర్దుకోలేని లిఫ్టు నేల హాలు నేల కంటే మూరెడు దిగువన ఆగి ఉంది. బావగారు కిందికి చూసుకోకుండా అడుగు వేసి, అంచు తగిలి ముందుకు తూలాడు. తల్లి కొలబద్దను వదలకుండానే రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి, తాను ఎక్కి వచ్చిన ఆ మూరెడు గుంతను చూశాడు. మొదటిసారి ఆయన చేతిలో ఫోను తిరగడం ఆగింది.

“వచ్చాడే!” అని కేకేసింది అత్తగారు.

చిన్నకోడలు పిడి కిందికి లాగింది. భవనంలో ఒక మూలుగు ఆగిపోయింది.

*

మోటారు గది చిన్నది. నలుగురు పట్టేంత లేదు. అయినా నలుగురూ అక్కడే ఉన్నారు.

“నా తాళం,” అంది చిన్నకోడలు, చెయ్యి చాచి.

బావగారు జేబులోంచి ఎర్ర తాళం తీశాడు. దానితోపాటు చెవి. ఇవ్వడానికి ముందు ఒక్క క్షణం ఆగాడు.

“ఓనరు గారు దారిలో ఉన్నారు. వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?”

“నేను చెప్తాను. లిఫ్టు నాది కాదు, ఆపడం నాది. అంతే చెప్తాను.”

“నా సంతకం పోతే?”

“పోతే ఇస్త్రీ బల్ల కింద జాగా ఉంది,” అంది అత్తగారు. “ఇందాక అంచు తగిలి పడి ఉంటే ఆ జాగా కూడా అక్కర్లేకపోయేది. ఇచ్చెయ్యిరా.”

ఇచ్చాడు. చిన్నకోడలు కన్నాల పలకను పిడికి తగిలించి, మొదటి కన్నంలో ఎర్ర తాళం వేసింది. లాగి చూసింది. చెవిని జేబులో వేసి బొత్తం పెట్టుకుంది. పలకలో ఇంకా కన్నాలు మిగిలే ఉన్నాయి.

అత్తగారు వాటివైపు చూసింది.

“ఇవన్నీ ఎందుకే?”

“పనిలో ఉన్నవాళ్ళందరూ తలా ఒకటి వేసుకుంటారు అత్తయ్యా. ఆఖరి తాళం తీసేదాకా కరెంటు రాదు.”

“పనిలో ఉన్నవాళ్ళంటే?”

“ఆ బరువు కింద ఎవరి ప్రాణముంటే వాళ్ళు.”

అత్తగారు చేతిసంచిలో చెయ్యి పెట్టింది. బొత్తాల సొరుగు తాళం తీసింది. గవ్వంత ఇత్తడి తాళం. కళ్ళద్దాలు సరిచేసుకుని, సూదిలో దారం ఎక్కించేటంత ఓపికగా రెండో కన్నంలో తగిలించి నొక్కింది. వంకర చెవిని పెద్ద కొడుకు కళ్ళ ముందు ఒకసారి ఆడించి, జాకెట్టు లోపలికి తోసుకుంది.

“ఇప్పుడడగరా పెద్దోడా. ఈవిడ ఒప్పుకున్నా నేనొప్పుకోవాలి.”

బావగారు తల్లినీ, మరదలినీ, రెండు తాళాలనూ చూశాడు. బయట కారు ఆగిన చప్పుడైంది. ఆయన చొక్కా సర్దుకుని హాల్లోకి నడిచాడు. ఆయన తలుపు దాటేదాకా చూసి, “అక్కడేం వాగుతాడో చూడాలి,” అంటూ అత్తగారు కొలబద్ద ఊతంగా వెనకే వెళ్ళింది.

గదిలో ఇద్దరు మిగిలారు.

చిన్నోడు పలకలో ఖాళీగా ఉన్న మూడో కన్నాన్ని చూస్తున్నాడు. చేతిలోని అట్టపెట్టె కింద పెట్టాడు.

“బేకరీలో సామాను పెట్టుకునే నా అరకు తాళముంది,” అన్నాడు. “తెచ్చి నేనూ వేస్తాను.”

ఆమె చేతులకంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటోంది. ఒక్కో వేలూ విడిగా తుడిచింది.

“వెయ్యి. కన్నాలున్నాయి,” అంది. “దాని చెవి ఎవరి జేబులో పెడతావు?”

హాల్లోంచి ఓనరు గారి గొంతు, “ఎవరా మెకానిక్?” అని గట్టిగా వినిపించింది.

ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది. అతని జవాబు కోసం ఆగకుండా గుమ్మం దాటింది.